పోలీసులు తీసుకెళ్లి కొట్టారా? మొదటి రెండు రోజుల్లో చేయాల్సిన పనులు

మన దగ్గర పోలీసు దెబ్బల కేసులు ఎక్కువగా ఒకే చోట దెబ్బతింటాయి. మనిషిని ఇంటి దగ్గర జీపెక్కించింది సోమవారం రాత్రి. అరెస్టు చూపించింది గురువారం పొద్దున, అదీ బస్టాండు దగ్గర "అనుమానాస్పదంగా తిరుగుతుండగా". మధ్యలో మూడు రాత్రులు ఏ రిజిస్టర్లోనూ ఉండవు. లాఠీ ఆడేది ఆ రాత్రుల్లోనే. రేపు కోర్టులో "గురువారం దాకా ఆ మనిషి మా దగ్గర లేడు" అని ఒక్క ముక్క అనేస్తే, దెబ్బలు ఎక్కడ తగిలాయో నిరూపించే భారం మీ నెత్తిన పడుతుంది.

అందుకే కింద చెప్పే పనులన్నిటి లక్ష్యం ఒక్కటే. ఆ ఖాళీ గంటల మీద, స్టేషన్ వాళ్లు చెరపలేని చోట, తేదీ టైముతో గుర్తులు పడాలి. ఆవేశంగా మాట్లాడటం, ఎమ్మెల్యేకి ఫోన్ చేయించడం, ఫేస్‌బుక్‌లో పెట్టడం అన్నీ తర్వాత.

ఒక మాట ముందే చెప్పాలి. 2024 జూలై 1 నుంచి సెక్షన్ల నంబర్లు మారాయి. అరెస్టు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్, నేరాలూ శిక్షలూ చెప్పే ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్ వచ్చాయి. విచారణకు రమ్మనే నోటీసును స్టేషన్లలో ఇప్పటికీ "41ఏ నోటీసు" అనే అంటారు, కాగితం మీద అది బీఎన్‌ఎస్‌ఎస్ 35(3). కింద కొత్త నంబర్లే వాడుతున్నాను.

జీపు కదిలేలోపు

అడ్డం పడొద్దు, బండి ముందు కూర్చోవద్దు. "విధులకు ఆటంకం" అంటూ మీ మీద కూడా కేసు రాయడానికి అంతకంటే సులువైన సాకు దొరకదు. ఏ స్టేషన్, ఏ కేసు, తీసుకెళ్తున్నది ఎవరు అని మాత్రం గట్టిగా, నలుగురికీ వినపడేలా అడగండి. అరెస్టు చేసే పోలీసు పేరు స్పష్టంగా కనిపించాలి, అరెస్టు మెమో రాయాలి, దాని మీద ఇంట్లోవాళ్లలో ఒకరో ఆ వీధిలో పరువున్న మనిషో సాక్షి సంతకం పెట్టాలి. 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటలివి. తర్వాత చట్టంలోకే ఎక్కాయి, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 36లో ఉన్నాయి. మఫ్టీలో వచ్చినవాళ్లు ఇవేవీ పట్టించుకోరని నాకూ తెలుసు. వాళ్లు జవాబు చెప్పకపోయినా బండి నంబరైతే కనపడుతుంది కదా. దాన్ని ఫోన్లో ఫొటో తీయండి. కుదరకపోతే నంబరు పైకి చదువుతూ వాయిస్ రికార్డు చేయండి.

బండి వెళ్లిన మరు నిమిషం 112కి ఫోన్ చేయండి. "మా తమ్ముణ్ణి ఫలానా నంబరు బండిలో నలుగురు తీసుకెళ్లారు, పోలీసులమన్నారు, ఏ స్టేషనో చెప్పలేదు" అని చెబితే చాలు. అవతల ఉన్నదీ పోలీసులే కదా, ఏం లాభం అనుకోవద్దు. ఆ కాల్ రికార్డవుతుంది. టైము కంప్యూటర్లో పడుతుంది. స్టేషన్ రైటర్ పెన్నుతో దాన్ని మార్చలేడు.

వీడియో తీసినవాళ్లుంటే ఒరిజినల్ ఫైలు ఆ ఫోన్లోనే ఉంచమనండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీలో క్వాలిటీ తగ్గుతుంది, తీసిన టైము వివరాలు పోతాయి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ మీద ఆ ఫోన్ ఎవరిదో వాళ్లూ, ఒక నిపుణుడూ సంతకం పెట్టాలి. దూరంగా నిలబడి, పనికి అడ్డురాకుండా, బహిరంగ స్థలంలో జరిగేది చిత్రీకరించడం నేరం కాదు. తెనాలిలో ముగ్గురు యువకుల్ని నడిరోడ్డు మీద కూర్చోబెట్టి అరికాళ్ల మీద లాఠీతో కొట్టిన వీడియో 2025 మే చివర్లో బయటికొచ్చింది. ఘటన జరిగింది అంతకు నెల ముందు. ఆ వీడియో లేకపోతే దాని గురించి ఈ రోజు ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

కొందరిని అసలు స్టేషన్‌కు పిలవడానికే వీల్లేదని గుర్తుంచుకోండి. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు పిల్లల్ని, 60 దాటినవాళ్లను, వికలాంగుల్ని, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లను వాళ్లుండే చోటుకే వచ్చి అడగాలని బీఎన్‌ఎస్‌ఎస్ 179 చెబుతోంది. ఆడవాళ్లను పొద్దుగూకాక, తెల్లవారకముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని చేయాలి.

స్టేషన్ గేటు దగ్గర

ఒక్కరే వెళ్లొద్దు. ఇద్దరు వెళ్లండి, ఒకరు మాట్లాడాలి, ఇంకొకరు చూస్తూ గుర్తుపెట్టుకోవాలి. సెంట్రీ దగ్గర "సార్ లేరు, రేపు రండి" అనే మాట ఖాయం. గొంతు పెంచకుండా ఇవి అడగండి: అరెస్టు చేశారా, విచారణకు పిలిచారా? అరెస్టయితే క్రైమ్ నంబరెంత? విచారణకైతే నోటీసు ఏది? అరెస్టు చేస్తే ఆ విషయం బంధువుకో స్నేహితుడికో చెప్పాలని బీఎన్‌ఎస్‌ఎస్ 48వ సెక్షన్, విచారణ నడుస్తుండగా లాయరును కలవనివ్వాలని 38వ సెక్షన్ ఉన్నాయి. అరెస్టు కారణాలు చెప్పాలన్నది రాజ్యాంగంలోని 22వ అధికరణం. 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. ఆ కారణాలు రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో, ఎంత ఆలస్యమైనా రిమాండుకు హాజరుపరిచే రెండు గంటల ముందైనా ఇచ్చితీరాలంది. అంటే ఇంగ్లీషులో నింపిన ఫారం మీద తెలుగు మాత్రమే వచ్చిన మనిషి వేలిముద్ర తీసుకుంటే లెక్కలోకి రాదు.

లోపలికి రానివ్వకపోతే, బయట రోడ్డు మీద నుంచి స్టేషన్ బోర్డు పడేలా మీరిద్దరూ ఒక ఫొటో దిగండి. తర్వాత అక్కడే నిలబడి జిల్లా ఎస్పీకి, కమిషనరేట్ అయితే పోలీసు కమిషనర్‌కు ఈమెయిలూ వాట్సాపూ పంపండి. నాలుగు వాక్యాలు చాలు. ఎవరిని, ఎప్పుడు, ఎక్కడి నుంచి తీసుకెళ్లారు, ఇప్పుడు మీరు ఎక్కడ నిలబడి ఉన్నారు, లోపల ఏమన్నారు. ఒకప్పుడు పౌరహక్కుల సంఘాల వాళ్లు రాత్రికి రాత్రే ఎస్పీకి, హైకోర్టు చీఫ్ జస్టిస్‌కు టెలిగ్రాములు కొట్టేవాళ్లు. 2013 జూలైలో టెలిగ్రాం పోయింది, ఆ పని ఈమెయిల్‌కు వచ్చింది. మర్నాడు అదే విషయం కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో కూడా పంపండి. రసీదు పారేయొద్దు.

లాయరు లేకపోతే 15100కి ఫోన్ చేయండి. అది న్యాయసేవాధికార సంస్థ నంబరు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు వస్తాడు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు కూడా అంతే. జిల్లా కోర్టు ఆవరణలోనే వాళ్ల ఆఫీసు ఉంటుంది.

24 గంటలు దాటితే

ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఎప్పటి నుంచి 24 గంటలు? పోలీసులు లెక్కపెట్టేది అరెస్టు చూపించిన టైము నుంచి. మనిషి పోలీసుల చేతిలోకి వెళ్లిన క్షణం నుంచే లెక్క మొదలవుతుందని తెలంగాణ హైకోర్టు 2024లో తేల్చింది. మీ 112 కాల్, మీ ఈమెయిల్ విలువ ఇక్కడ తెలుస్తుంది.

గడువు దాటితే రెండు దార్లున్నాయి. దగ్గరి దారి స్థానిక కోర్టు. అక్రమంగా బంధించిన మనిషి కోసం మేజిస్ట్రేటు సెర్చ్ వారెంట్ ఇవ్వొచ్చు, అది బీఎన్‌ఎస్‌ఎస్ 100. ఈ సెక్షన్‌ను మన దగ్గర ఎందుకో లాయర్లు తక్కువ వాడతారు. రెండోది హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే బంధించిన మనిషిని కోర్టు ముందు పెట్టమని అడిగే పిటిషన్. ఏపీ వాళ్లు అమరావతిలో, తెలంగాణ వాళ్లు హైదరాబాద్‌లో వేయాలి. అత్యవసరమని లంచ్ మోషన్ (అదే రోజు భోజన విరామం తర్వాత విచారణ), సెలవు రోజైతే హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గర విచారణ) అడగమని మీ లాయరుకు చెప్పండి. పిటిషన్ వేశారన్న కబురు స్టేషన్‌కు చేరగానే చాలాసార్లు ఆ సాయంత్రమే మనిషిని రిమాండుకు పెడతారు, లేదా ఇంటి దగ్గర దింపేసి పోతారు. అలా జరిగితే "వచ్చేశాడు కదా" అని కేసు మూసేయనివ్వొద్దు. ఎన్ని గంటలు ఎక్కడ ఉంచారన్నది అఫిడవిట్‌లో రాయించి, కోర్టు రికార్డులోకి ఎక్కించండి.

మేజిస్ట్రేటు ముందు నిలబడ్డ రెండు నిమిషాలు

వీటన్నిటిలో ఏ పని తప్పినా తర్వాత సర్దుకోవచ్చు, ఇది తప్పితే మాత్రం సర్దుకోవడం చాలా కష్టం.

జరిగేది ఇలా ఉంటుంది. సాయంత్రం కోర్టు లేచే వేళకో, రాత్రి జడ్జి ఇంటి దగ్గరో హాజరుపరుస్తారు. దారిలో జీపులోనే మంచిగా చెబుతారు: "అడిగితే ఏం లేదను. జైలు నుంచి మళ్లీ మా కస్టడీకే వస్తావు, చూసుకో." జడ్జి రిమాండ్ రిపోర్టు తిరగేస్తూ "పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా?" అంటారు. ఎస్కార్టు కానిస్టేబుల్ భుజం తగిలేంత దగ్గర్లో ఉంటాడు. మనిషి తల అడ్డంగా ఊపుతాడు. డాకెట్‌లో (కోర్టు రాసుకునే కేసు కాగితంలో) "ఫిర్యాదు లేదు" అని పడుతుంది. ఆరు నెలల తర్వాత ఏ కోర్టుకెళ్లినా మొదట చదివేది ఆ రెండు మాటలే.

కాబట్టి లోపలున్న మనిషికి, లాయరు ద్వారా అయినా సరే, ఈ నాలుగు వాక్యాలు ముందే అందాలి: "కొట్టారండి. ఫలానా రోజు రాత్రి నుంచి స్టేషన్‌లోనే ఉన్నాను. దెబ్బలు ఇక్కడున్నాయి, చూడండి. నేను చెప్పింది రాసి, ఆసుపత్రికి పంపండి." చొక్కా ఎత్తి, పాదం ఎత్తి చూపించడానికి సిగ్గుపడక్కర్లేదు. పోలీసుల్ని కాస్త బయటికి పంపమని అడగొచ్చు కూడా. లాయరు అదే విషయం మెమోగా రాసి దాఖలు చేయాలి, నోటిమాటతో వదిలేయకూడదు.

2021 మేలో అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజును ఏపీ సీఐడీ అరెస్టు చేసింది. ఆయన రాజకీయాలు మీకు నచ్చినా నచ్చకపోయినా, ఆ కేసు ఈ విషయంలో మంచి పాఠం. కోర్టులో హాజరుపరచగానే కస్టడీలో కొట్టారని చెప్పారు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి వైద్యుల బృందం దెబ్బల్లేవంది. సుప్రీంకోర్టు సికింద్రాబాద్ ఆర్మీ ఆసుపత్రిలో పరీక్ష చేయించింది, అక్కడ కాలి వేలికి ఫ్రాక్చర్ ఉందని తేలింది. ఆ నివేదిక చూశాక బెయిల్ వచ్చింది. సీనియర్ లాయర్లున్న ఎంపీకే రెండో ఆసుపత్రి దాకా వెళ్తే గాని ఎక్స్‌రే మాట్లాడలేదు. మన ఊరి కూలీకి మొదటి పరీక్షే సరిగ్గా జరగాలి.

అక్కడ కుదరకపోతే జైలు గేటు దగ్గర ఇంకో అవకాశం ఉంటుంది. లోపలికి తీసుకునేటప్పుడు జైలు డాక్టరు చూసి, ఒంటి మీద దెబ్బలు రాసుకుంటారు. జైలు వాళ్లకు స్టేషన్ తప్పు నెత్తినేసుకోవాలని ఉండదు, అందుకే ఆ రిజిస్టరు తరచుగా నిజం చెబుతుంది.

ఆసుపత్రిలో

రిమాండు పెట్టకుండా వదిలేస్తే నేరుగా ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. ఇంటికెళ్లి స్నానం చేసి, వేడినీళ్ల కాపడం పెట్టి, మర్నాడు వెళ్దామనుకోవద్దు. "పడిపోయాను" అనొద్దు. "ఫలానా స్టేషన్ పోలీసులు కొట్టారు" అని స్పష్టంగా చెప్పి, మెడికో లీగల్ కేసుగా రాయమనండి. ఎంఎల్‌సీ నంబరు మీ దగ్గర రాసుకోండి. ఆసుపత్రి ఔట్‌పోస్టు కానిస్టేబుల్ స్టేట్‌మెంట్ రాసుకుంటాడు. అది తిరిగి వెళ్లేది చాలాసార్లు కొట్టిన స్టేషన్‌కే, కాబట్టి దాన్నే ఫిర్యాదనుకుని కూర్చోవద్దు.

అరికాళ్ల మీద కొడితే పైకి పెద్దగా కనపడదు. వాపు రాకుండా గెంతిస్తారని దెబ్బలు తిన్నవాళ్లు చాలామంది చెబుతారు. పాదాలకు, చేతి వేళ్లకు ఎక్స్‌రే అడగండి. చెవి మీద కొట్టి వినపడకపోతే ఈఎన్‌టీకి రాయించండి, కర్ణభేరి చిరిగిందేమో చూస్తారు. తొడలు, పిరుదుల మీద బాగా కొట్టిన తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులో వస్తున్నా, అసలు రాకపోతున్నా ఒక్క గంట కూడా ఆగొద్దు. నలిగిన కండరాల్లోంచి వచ్చే పదార్థం కిడ్నీలను పాడుచేస్తుంది. బయటి దెబ్బ మానుతున్నట్టే ఉంటుంది, మనిషి పోతాడు.

ఫొటోలు పగటి వెలుతురులో తీయండి. ముందు ముఖంతో సహా మొత్తం మనిషి, తర్వాత దెబ్బ దగ్గరగా, పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టి. కమిలిన చోట రంగు రోజురోజుకీ మారుతుంది కాబట్టి వారం పాటు రోజూ తీయండి. రక్తం అంటిన బట్టలు ఉతకొద్దు, ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో పెడితే బూజు పడుతుంది.

కస్టడీలో ఉన్నవాళ్లకైతే ప్రభుత్వ డాక్టరు పరీక్ష తప్పనిసరి. ఆ రిపోర్టు కాపీ అరెస్టయిన మనిషికి గాని అతను చెప్పినవాళ్లకు గాని ఇవ్వాలని బీఎన్‌ఎస్‌ఎస్ 53 చెబుతోంది. అడిగితేనే ఇస్తారు.

మనిషి ఆసుపత్రి మంచం మీద ఉంటే, జరిగింది తన నోటితో చెబుతున్నది వీడియో తీయండి. 2023లో మెదక్‌లో గొలుసు దొంగతనం అనుమానంతో పట్టుకెళ్లిన ఒక కూలీ తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. బతికుండగా మంచం మీద నుంచి ఆయన చెప్పిన మాటలే విషయాన్ని హైకోర్టు దాకా తీసుకెళ్లాయి. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది.

సీసీటీవీ మీద ఉత్తరం: వారంలోపు

2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్పు, వరండా, ఎస్సై గది, సీఐ గది అన్నీ పడేలా ఆడియోతో సహా కెమెరాలు ఉండాలంది. ఫుటేజీ 18 నెలలు దాచాలి, ఎంత లేదన్నా ఏడాది. తన హక్కులకు భంగం కలిగితే ఆ ఫుటేజీ భద్రపరచమని అడిగే హక్కు బాధితుడికి ఉందని స్టేషన్‌లో బోర్డు కూడా పెట్టాలి. బోర్డు కనపడకపోతే దాని ఫొటో తీయలేరు గాని, కనపడలేదన్న సంగతి రాసుకోవచ్చు.

"ఆ రోజు కెమెరా పనిచేయలేదు" అనే జవాబు వస్తుందనే అనుకోండి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్టేషన్లలో పనిచేయని కెమెరాల మీద తనంతట తానే కేసు చేపట్టిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. అయినా ఉత్తరం రాయాల్సిందే. మీరు అడిగిన తర్వాత ఫుటేజీ మాయమైతే దాని జవాబుదారీ వాళ్లదవుతుంది. ఇలా రాయండి:

"గౌరవనీయులైన జిల్లా ఎస్పీ గారికి. నా భర్తను ఫలానా తేదీ రాత్రి సుమారు 9 గంటలకు మా ఇంటి నుంచి ఫలానా స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఫలానా తేదీ ఉదయం 11 వరకు అక్కడే ఉంచి కొట్టారు. ఆ రెండు తేదీల మధ్య స్టేషన్‌లోని అన్ని కెమెరాల ఫుటేజీని, జనరల్ డైరీని, సెంట్రీ రిలీఫ్ బుక్కును, స్టేషన్ వాహనాల లాగ్ బుక్కులను భద్రపరచవలసిందిగా కోరుతున్నాను. 2020 డిసెంబరు 2 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వుల ప్రకారం ఈ విజ్ఞప్తి చేస్తున్నాను. కెమెరాలు పనిచేయకపోతే, ఏ తేదీ నుంచి పనిచేయడం లేదో, ఎవరికి రిపోర్టు చేశారో రాతపూర్వకంగా తెలపగలరు."

ఆ చివరి వాక్యం తీసేయొద్దు. అబద్ధం చెప్పాలన్నా దానికి తేదీ కావాలి.

స్టేషన్ ఎదురుగా ఉన్న మెడికల్ షాపు, పెట్రోల్ బంకు, ఏటీఎం కెమెరాలు కూడా చూడండి. అవి కొద్ది రోజుల్లోనే పాతవాటి మీద కొత్తవి రాసేసుకుంటాయి కాబట్టి అక్కడికి మొదటి రోజే వెళ్లాలి.

ఫిర్యాదు

కొట్టిన స్టేషన్‌లోనే ఇవ్వక్కర్లేదు. ఏ స్టేషన్‌లో ఇచ్చినా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి. ఎఫ్‌ఐఆర్ కట్టదగ్గ నేరమని ఫిర్యాదులో కనపడుతుంటే కట్టి తీరాలని 2013లో లలితాకుమారి కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. పోలీసు మీద పోలీసు ఎఫ్‌ఐఆర్ కడతాడా అంటే, సాధారణంగా కట్టడు. కాబట్టి వరుస ఇది: స్టేషన్‌లో ఇచ్చి రసీదు అడగండి, కట్టకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద ఎస్పీకి పంపండి, అక్కడా కదలకపోతే అఫిడవిట్ జతచేసి 175(3) కింద మేజిస్ట్రేటును ఆశ్రయించండి. నిందితుడు ప్రభుత్వ ఉద్యోగి అయితే మేజిస్ట్రేటు ముందుగా పై అధికారి నివేదిక, ఆ ఉద్యోగి వివరణ చూడొచ్చని కొత్త చట్టంలో 175(4) వచ్చింది. దీనివల్ల ఆలస్యం పెరిగింది. నా దృష్టిలో ఇది వెనకడుగే.

ఫిర్యాదులో "రాక్షసంగా", "మానవత్వం మరచి" లాంటి మాటలు తీసేయండి. ఎవరు, దేనితో, ఒంటి మీద ఎక్కడ, ఎన్నిసార్లు, అప్పుడు గదిలో ఇంకెవరున్నారు, ఏమని అడుగుతూ కొట్టారు. పేరు తెలియకపోతే పోలికలు రాయండి. గది ఎలా ఉందో రాయండి: బీరువా ఎటుంది, గోడ మీద ఏ క్యాలెండరు, బాత్రూం ఎక్కడ. స్టేషన్‌లోకే రాలేదన్నవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు లేదు. నేరం ఒప్పించడానికి కొడితే బీఎన్‌ఎస్ 120 వర్తిస్తుంది. మామూలు దెబ్బలకు ఏడేళ్ల దాకా, తీవ్ర గాయాలకు పదేళ్ల దాకా శిక్ష. అక్రమ నిర్బంధానికి 127, చట్టవిరుద్ధమని తెలిసీ అధికారంతో బంధించినందుకు 258. ఊరికే మామూలు దెబ్బల సెక్షన్ 115 ఒక్కటి వేసి చిన్న కేసు చేస్తారేమో గమనించండి.

బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే అత్యాచారాల నిరోధక చట్టం తప్పకుండా అడగాలి. 2020 జూలైలో తూర్పు గోదావరి జిల్లా సీతానగరం స్టేషన్‌లో దళిత యువకుడికి గుండు గీయించిన ఘటనలో ఎస్సై సస్పెండయ్యాడు, ఆ చట్టం కింద కేసు పడింది, అరెస్టు కూడా జరిగింది.

తర్వాత ఎదురయ్యేది ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి అనే అడ్డు, బీఎన్‌ఎస్‌ఎస్ 218. లాకప్‌లో కొట్టడం విధి నిర్వహణ కాదని మీ లాయరు వాదించాలి. అనుమతి అడిగాక 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. కొత్త చట్టంలో బాధితులకు పనికొచ్చే మార్పు ఇది.

మానవ హక్కుల కమిషన్‌కు తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు. ఘటన జరిగిన ఏడాదిలోపు వెళ్లాలి. జాతీయ కమిషన్, రాష్ట్ర కమిషన్ రెండిటికీ ఒకేసారి పంపకండి, ఒకరి దగ్గర పెండింగులో ఉంటే ఇంకొకరు తీసుకోరు. కమిషన్ చేసేది సిఫార్సు మాత్రమే, శిక్ష వేయలేదు. కానీ పరిహారం ఇప్పించడంలో, పోలీసుల నుంచి రాతపూర్వక వివరణ రాబట్టడంలో పనికొస్తుంది. ఆ వివరణలో వాళ్లు చెప్పిన టైములకూ, రిమాండ్ రిపోర్టులో రాసిన టైములకూ తేడా పట్టుకోండి. 2006లో ప్రకాశ్ సింగ్ తీర్పు ప్రతి జిల్లాకూ పోలీసు ఫిర్యాదుల అథారిటీ ఉండాలంది. దానికీ ఒక కాపీ పంపండి, కానీ దాన్నే నమ్ముకుని మిగతావి ఆపొద్దు. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చే అర్జీకీ అంతే విలువ. రసీదు కోసం ఇవ్వండి.

మనిషి చనిపోతే

కస్టడీ మరణంపై జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి, బీఎన్‌ఎస్‌ఎస్ 196(2). ఆర్డీఓ విచారణతో సరిపెడతామంటే ఒప్పుకోవద్దు. పోస్టుమార్టం వీడియో తీయాలని రాతపూర్వకంగా అడగండి. ఇన్‌క్వెస్టు (శవ) పంచనామాలో మీకు కనిపించిన దెబ్బలన్నీ రాసేదాకా సంతకం పెట్టొద్దు. త్వరగా తీసుకెళ్లి దహనం చేసేయమని అంబులెన్సుతో పాటు పోలీసులే వెంటబడతారు. మీ ఆచారం ఒప్పుకుంటే ఖననం చేయడమే మేలు. 2021 జూన్‌లో, వంటపని చేసుకుని బతికే ఒక దళిత మహిళ యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో చనిపోయింది. దొంగతనం అనుమానంతో తీసుకెళ్లారు. హైకోర్టు జ్యుడీషియల్ విచారణకు ఆదేశించింది, అవసరమైతే మృతదేహాన్ని వెలికితీసి మళ్లీ పరీక్షించమంది. పూడ్చి ఉండబట్టే ఆ మాట అనగలిగింది. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగాల్లోంచి తీసేశారు.

రాజీ కబురు వచ్చినప్పుడు

వస్తుంది. స్టేషన్ నుంచి నేరుగా రాదు. ఊరి పెద్దమనిషో, మీ కులం నాయకుడో, దూరపు బంధువైన హోంగార్డో వస్తాడు. "అయిందేదో అయింది, ఆయన పిల్లలున్నవాడు, ఆసుపత్రి ఖర్చు ఇస్తాడు." కాదంటే రెండో మాట: "పాత కేసులేవో తీస్తారట, రౌడీషీట్ అంటున్నారు." ఆ కబురు తెచ్చిన మనిషి పేరు, తేదీ రాసుకోండి. ఫోన్లో అంటే రికార్డు చేయండి. తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు. బీఎన్‌ఎస్ 120 రాజీ కుదిరే నేరం కాదు, కాబట్టి డబ్బు తీసుకుంటే కేసు ఆగదు గాని మీ సాక్ష్యం మాత్రం పలచనవుతుంది.

సస్పెండ్ చేశామని పేపర్లో పడగానే ఊరుకోవద్దు. సస్పెన్షన్ శిక్ష కాదు, కొన్నాళ్లకు పక్క సర్కిల్లో పోస్టింగ్ వచ్చేస్తుంది. మూడు నెలలయ్యాక ఎస్పీ ఆఫీసుకు పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టండి. శాఖాపరమైన విచారణ ఏ తేదీన మొదలైంది, విచారణాధికారి ఎవరు, నివేదిక ఎప్పుడిచ్చారు, ఏ చర్య తీసుకున్నారు, సస్పెన్షన్ ఏ తేదీన ఎత్తేశారు అని విడివిడిగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే ఆఫీసులో మొదటి అప్పీలు, తర్వాత సమాచార కమిషన్. వాకపల్లి కేసులో, 2007 ఆగస్టులో గ్రేహౌండ్స్ పోలీసులపై ఆదివాసీ మహిళలు చేసిన అత్యాచార ఆరోపణ మీద తీర్పు 2023 ఏప్రిల్‌లో వచ్చింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదని కోర్టు తప్పుపట్టింది, బాధితులకు పరిహారం ఇవ్వమంది, నిందితులు మాత్రం నిర్దోషులుగా బయటపడ్డారు. కాబట్టి ఎంఎల్‌సీ, స్పీడ్ పోస్టు రసీదులు, ఫోన్లోని ఒరిజినల్ వీడియో ఫైలు, వీటి మూడు కాపీలు మూడు వేర్వేరు ఇళ్లలో ఉంచండి. ఒక కాపీ ఊళ్లో లేని బంధువు దగ్గర ఉండాలి.